జమ ఒక్కటే ఉన్న పుస్తకం

పోయిన సంచికలో బంగారు నగల తాకట్టు గురించి రాస్తే ఇద్దరు ముగ్గురు పాఠకులు ఫోన్ చేసి, "ఈసారైనా వడ్డీ రేట్లు లేని సంగతి రాయండి సార్" అన్నారు. సరే, ఈసారి పేకాట గురించి. వడ్డీ అక్కడక్కడ తగులుతుంది, ఓర్చుకోవాలి. ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి.

2025 దీపావళికి గుంతకల్లు నుంచి మా చెల్లెలు, బెంగళూరు నుంచి దాని కొడుకు గాంధీనగర్‌లోని మా ఇంటికి వచ్చారు. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తింటూ ఉంటే చెల్లెలు మొదలుపెట్టింది.

"అన్నా, వీడు ఉద్యోగం మానేస్తాడంట. పేకాడి బతుకుతాడంట. నువ్వు బ్యాంకులో ఉండేవాడివి, నువ్వన్నా చెప్పు."

"పేకాట కాదమ్మా, పోకర్" అన్నాడు వాడు, బజ్జీ నములుతూ.

విషయం ఏమిటంటే, వానాకాలంలో వీడు గోవాకు పోయి, అక్కడ మాండవి నది మీద ఓడల్లో నడిచే కాసినో ఒకదానిలో పోకర్ పోటీ ఆడి పదకొండు లక్షలు గెలిచాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో జీతం బాగానే ఉంది. కానీ, "మామా, ఒక వారాంతంలో పదకొండు లక్షలు. నాకు ఈ ఆట వచ్చు. నేను ప్రొఫెషనల్ అవుతా" అన్నాడు.

మా ఊళ్ళో పేక ముక్కలంటే రెండు భాషల తకరారు ఒకటుంది. కన్నడం వాళ్ళు మొత్తం పేకాటనే ఇస్పీటు అంటారు. మనకేమో ఇస్పేటు అంటే నాలుగు రంగుల్లో ఒక రంగు. మా పక్కింటాయన, "మీ మేనల్లుడు ఇస్పీటు ఆడతాడంటనే?" అని అడిగితే, "ఇస్పేటే కాదు, ఆఠీను, కళావరు కూడా ఆడతాడు" అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు. మా చెల్లెలికి అసలే రాలేదు.

నేను వాడికి ఉపదేశం చేయలేదు. చేయడానికి నోరు రాలేదు. పాతికేళ్ళ కిందట ఇదే మాట ఇంకొకాయన నోట విన్నాను, అప్పుడు నేను చేసిన పని గుర్తుకొచ్చింది.

అప్పుడు నేను పనిచేసే శాఖలో ఒకాయన హెడ్ క్యాషియర్. నాకంటే పదేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. నోట్ల కట్ట చేతిలో పట్టుకుంటేనే ఒక నోటు తక్కువుందని చెప్పగలిగిన మనిషి. సాయంత్రం క్యాష్ మూసేటప్పుడు రూపాయి తేడా వచ్చినా ఇంటికి పోయేవాడు కాదు. శనివారం రాత్రి మాత్రం క్లబ్బులో పదమూడు ముక్కల రమ్మీ. ఎవరు ఏ ముక్క ఎత్తారు, ఏది పడేశారు అన్నీ తలలో ఉండేవి. 2000 అక్టోబరులో దీపావళికి మూడు రాత్రులు వరసగా ఆడి రెండు లక్షల నలభై వేలు గెలిచాడు. అప్పట్లో అది ఆయనకు దాదాపు రెండేళ్ళ జీతం.

సరిగ్గా ఆ చలికాలంలోనే ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చింది. మనవాళ్ళలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ప్రతి శాఖలోనూ ఇద్దరో ముగ్గురో తీసుకున్నారు. అన్న ఫారం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "లెక్క వేసి చెప్పప్పా, ఎంతొస్తుందో" అన్నాడు. నేను చక్కగా వేసి ఇచ్చాను. గ్రాట్యుటీ, పీఎఫ్, అన్నీ కలిపి ఏడు లక్షల పైచిలుకు. డిపాజిట్ చేస్తే అప్పటి రేట్లకు నెలకు ఐదు వేల ఎనిమిది వందల దాకా వడ్డీ వస్తుందని కూడా చెప్పాను.

"ఆ వడ్డీ ఒక్క రాత్రిలో వస్తుందప్పా" అన్నాడు. నేను నవ్వాను. అడగవలసిన మాట ఒకటుంది, "అన్నా, ఈ పదేళ్ళలో మొత్తం మీద ఎంత వచ్చింది, ఎంత పోయింది?" అని. బీకాం చదివినవాణ్ణి, బ్యాంకు ఆఫీసర్ని, రోజూ చిన్న దుకాణదారులను కూడా అప్పివ్వడానికి ముందు మూడేళ్ళ లెక్కలు అడిగేవాణ్ణి. ఆయన్ను అడగలేదు. పెద్దవాణ్ణి ఎట్లా అడిగేది అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రెండు లక్షల నలభై వేలు నాకూ కళ్ళు మిరుమిట్లు గొలిపాయి.

మొదటి ఏడాది ఆయన బాగానే ఉన్నాడు, స్కూటర్ మార్చాడు. ఆ తర్వాత ఏం జరిగిందో ఆయనే నాకు చాలాకాలానికి చెప్పాడు. అందులో నేను ఎక్కడా చదవని సంగతులు రెండున్నాయి. ఒకటి, శనివారం ఆడేటప్పుడు జీతం వెనకాల ఉండేది, ముక్క బాగాలేకపోతే నిమ్మళంగా డ్రాప్ చేసేవాడు. రోజూ ఆడే మనిషి అయ్యాక ఇంటి బాడుగ, కూతురి ఫీజు ముక్కల మధ్యలో కనిపించేవట. డ్రాప్ చేస్తే కొంచెమే పోతుందని తెలిసీ, కొంచెం కూడా పోగొట్టుకోవడం ఇష్టం లేక చివరిదాకా ఆడి పెద్ద కౌంటు ఇచ్చేవాడు. రెండోది, శనివారం టేబుల్లో సరదాకు వచ్చి ఓడిపోయే వ్యాపారస్థులు ఉండేవారు. వాళ్ళు నెమ్మదిగా ఈయన ఉన్న టేబుల్‌కు రావడం మానేశారు. రోజూ ఓడించేవాడితో డబ్బిచ్చి ఎవరు కూర్చుంటారు? చివరికి మిగిలింది ఈయనలాంటి గట్టివాళ్ళే. అందరూ గట్టివాళ్ళే అయిన చోట గెలిచేది క్లబ్బు ఒక్కటే.

ఎట్లాగంటారా, చిన్న లెక్క వేద్దాం. ఆరుగురు కూర్చుని ఆటకు తలా వంద వేస్తారనుకోండి. ఆరు వందల్లో ముప్ఫై క్లబ్బుకు, 570 గెలిచినవాడికి. (అసలు రమ్మీలో లెక్క పాయింట్ల మీద నడుస్తుంది, సులువు కోసం ఇట్లా.) ఆరు వందల ఆటలు ఆడితే మనిషి వేసేది 60,000. అందరితో సమానమైనవాడు నూరు ఆటలు గెలుస్తాడు, 57,000 వస్తుంది. తప్పేమీ చేయకుండానే మూడు వేలు పోయాయి. నిజంగా గట్టివాడు, నూరుకు బదులు 120 గెలిచేవాడు, 68,400 తెచ్చుకుంటాడు. లాభం 8,400, అంటే ఆటకు పద్నాలుగు రూపాయలు. నైపుణ్యం ఖరీదు అదీ.

ఇక అదృష్టం సంగతి. అదే గట్టివాడు అదే తెలివితో ఆడి ఒకసారి 110 గెలవచ్చు, ఒకసారి 130 గెలవచ్చు, రెండూ మామూలే. మొదటిసారి లాభం 2,700, రెండోసారి 14,100. పద్నాలుగు పదిహేను సార్లలో ఒకసారి ఆరు వందల ఆటల తర్వాత కూడా నష్టంతోనే లేస్తాడు. అటువైపు, సమానమైనవాళ్ళు వందమంది ఆడితే ఒకరిద్దరు కేవలం ముక్క కలిసి 120 గెలిచి గట్టివాళ్ళలా కనిపిస్తారు. వాళ్ళకు కూడా తాము గట్టివాళ్ళమనే అనిపిస్తుంది. ఆరు వందల ఆటలకే ఇట్లా ఉంటే మూడు రాత్రుల గెలుపు ఏం చెబుతుంది? ఒక వారాంతం గోవా పోటీ ఏం చెబుతుంది?

ఈ లెక్క కాగితం మీద వేసి మేనల్లుడికి చూపిస్తే వాడేమీ తడుముకోలేదు. ఈ కాలం పిల్లలు మనకంటే ఎక్కువే చదివి వస్తారు. "నైపుణ్యం ఉందని సుప్రీంకోర్టే అంది కదా మామా" అన్నాడు. అన్నమాట నిజమే. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి కేసు పెట్టారు. అది ఢిల్లీ దాకా పోయింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాస్తూ, మూడు ముక్కలాట అదృష్టమే కానీ, రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కనుక అది ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అన్నారు. రమ్మీకి ఈ దేశంలో గౌరవం తెచ్చిపెట్టింది ఒక తెలుగు క్లబ్బు కేసే. కానీ చూడండి, కోర్టు చెప్పింది ఆటలో నైపుణ్యం ఉందని. ఆడేవాడిలో ఉందని కాదు.

తర్వాత మేనల్లుడు అమెరికా కథ తీశాడు. ఈ కథ నాకూ నచ్చింది, ఎందుకంటే అందులో హీరో మన కులమే, అంటే అకౌంటెంట్ల కులం. పేరు క్రిస్ మనీమేకర్. పెట్టుకున్న పేరు కాదు, ఇంటిపేరే అది. టెన్నెసీ రాష్ట్రంలో పద్దులు రాసుకునే ఉద్యోగి. 86 డాలర్లు కట్టి ఇంటర్నెట్‌లో ఒక అర్హత పోటీ ఆడి, పదివేల డాలర్ల ప్రవేశ రుసుం ఉన్న ప్రపంచ పోకర్ పోటీకి 2003లో లాస్ వేగాస్ వెళ్ళాడు. 839 మందిలో మొదటివాడయ్యాడు. ఇరవై ఐదు లక్షల డాలర్లు. మరుసటి ఏడాది ఆ పోటీకి 2,576 మంది వచ్చారు, ఆ పై ఏడాది 5,619 మంది. అందరూ తామే మనీమేకర్ అనుకుని వచ్చినవాళ్ళే.

"మరి ఆయన ఉద్యోగం మానేశాడు కదా మామా?"

మానేశాడు. కానీ ఆ తర్వాత ఆయనకు నిలకడగా అన్నం పెట్టింది ముక్కలొక్కటే కాదు. ఒక పోకర్ కంపెనీ ఆయన్ను ప్రచారకర్తగా పెట్టుకుంది, 2020 దాకా ఉంచుకుంది. ఆ పేరుకు, ఆ కథకు కట్టిన డబ్బు అది. ఆ పెద్ద పోటీ మళ్ళీ గెలవలేదు. మిగతా 838 మంది ఏమయ్యారో మనకు ఎవరూ సినిమా తీసి చూపించరు.

అమెరికా అంటే నాకు ఇంకొకాయన కథ ఎక్కువ ఇష్టం. రాబర్ట్ గ్రోట్జింగర్ అని, ఇల్లినాయ్‌లో ఒక కంపెనీలో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. 1978 ఫిబ్రవరిలో ఉద్యోగం పోయింది. మిగతా ఏడాదంతా కుక్కల పరుగు పందేలు ఆడాడు. వారానికి ఆరు రోజులు, అరవై నుంచి ఎనభై గంటలు, నలభై ఎనిమిది వారాలు. మన బ్యాంకు ఉద్యోగం కంటే కష్టం. 72,032 డాలర్లు కాసి 70,000 తెచ్చుకున్నాడు. నికరంగా 2,032 డాలర్ల నష్టం. పన్ను విషయంలో పేచీ వచ్చి అది వాళ్ళ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1987లో కోర్టు ఏమందంటే, సరదాకు కాకుండా బతుకు తెరువు కోసం, విడవకుండా, క్రమం తప్పకుండా చేస్తున్నాడు కనుక ఇతనిది వృత్తే. గెలిచాడా ఓడాడా అన్నది వాళ్ళు చూడలేదు. గంటలు చూశారు, లెక్క చూశారు. నష్టపోయిన మనిషి ప్రొఫెషనల్ అని సర్టిఫికెట్ పొందాడు!

ఇంగ్లండులో 1925లోనే దీనికి పూర్తిగా తిరగబడ్డ తీర్పు వచ్చింది. ఒకాయన ఇంట్లో కూర్చుని గుర్రాల మీద పందేలు కాస్తూ దాని మీదే బతికేవాడు. అది వ్యాపారమే కాదు, పన్ను అక్కర్లేదన్నారు. మన దేశం ఈ రెండిటిలో ఏదీ కాదు. 1961 ఆదాయపు పన్ను చట్టం పేకాట గెలుపును లాటరీతో కలిపి ఒకే గాటన కట్టి, 30 శాతం పన్ను వేసింది. ఖర్చులు తీసేయడానికి లేదు, ఓడిన డబ్బు తీసేయడానికి లేదు. 2025లో కొత్త చట్టం చేసినప్పుడు కూడా ఈ 30 శాతం మారలేదు. ఈ శనివారం పదివేలు గెలిచి వచ్చే శనివారం పదివేలు ఓడితే మీ జేబులో సున్నా. సర్కారు లెక్కలో మాత్రం మూడు వేలు కట్టాలి. కిరాణా కొట్టు పెట్టినవాడు నష్టం చూపించుకోగలడు, పేకాటవాడు చూపించుకోలేడు. నువ్వు ఎన్ని గంటలు ఆడినా ఈ దేశపు పన్ను పుస్తకంలో ప్రొఫెషనల్ అనే కాలమ్ నీకు లేదురా, అన్నాను.

ఫోన్లో ఆడే ఆట సంగతి ఇంకా విచిత్రం. ఆంధ్రలో 2020 నుంచే కుదరదు. అందుకే వీడు ఇదివరకు బళ్ళారి వచ్చినప్పుడు ఇక్కడ ఆడుకునేవాడు, గుంతకల్లు పోతే ఆగిపోయేది. గంట రైలు ప్రయాణంలో వాడు ఆటగాడి నుంచి నేరస్థుడయ్యేవాడన్నమాట. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో ఆ బాధ కూడా పోయింది. నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించారు. మిగిలింది గోవా ఓడలు.

మా అమ్మ అంతసేపూ దేవుడి గది గడప దగ్గర కూర్చుని వత్తులు చేసుకుంటూ వింటోంది. "ధర్మరాజు కూడా ఆడి బతికినాడు కదప్పా" అంది. వీడికి బలం దొరికింది. కానీ ఆమె చెప్పింది వేరు. ధర్మరాజు మొదట ఆడినప్పుడు ఆట రాదు, సర్వం పోయింది. అడవిలో బృహదశ్వుడు అనే ముని ఆయనకు నలుడి కథ చెప్పి, అక్షహృదయం, అంటే పాచికల కిటుకు, నేర్పించాడు. ఆ తర్వాతనే కదా విరాటుడి కొలువులో కంకుభట్టుగా చేరింది. అక్కడ ఆయన రాజుతో ఆడి గెలిచినది తమ్ముళ్ళకు పంచేవాడు. ఒకరకంగా మన పురాణాల్లో మొదటి ప్రొఫెషనల్ ఆయనే. కానీ అది కొలువు. తిండీ గూడూ రాజుగారివి. పైగా ఆ ఉద్యోగంలో కష్టం లేదా, బృహన్నలను పొగిడాడని విరాటుడు పాచికతో ముఖాన కొడితే నెత్తురు కారింది. అమ్మకు వత్తి చేయడం అయిపోయింది, లేచి వెళ్ళింది.

అప్పుడు నేను అన్న కథ చెప్పాను. చివరి ముక్క మాత్రం ఇప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. 2004లో ఆయన ఒక జీన్స్ కుట్టే యూనిట్లో లెక్కలు రాసే పనిలో చేరాడు. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, చిన్న డైరీ ఒకటి నా చేతిలో పెట్టాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. తేదీ, గెలిచిన మొత్తం. మూడేళ్ళలో అరవై ఒక్క పద్దులు, అన్నీ జమలే. కిందివరకూ చూసి, "ఖర్చు పేజీ ఏదన్నా?" అని అడిగాను. "పోయిన రాత్రులు రాయలేదప్పా. రాయబుద్ధి కాలేదు" అన్నాడు. రూపాయి తేడా వస్తే ఇల్లు చేరని మనిషి! నేను అరవై ఒక్క పద్దులూ కూడాను, అలవాటు కొద్దీ. మొత్తం పెద్దదే వచ్చింది. దాన్ని చూసుకుని ఇద్దరం కాసేపు కూర్చున్నాం. ఆ ఒక్క ప్రశ్న 2000లోనే అడిగి ఉంటే అని నాకు ఈనాటికీ ఉంది. ఆయన ఎప్పుడూ నన్ను ఆ మాట అనలేదు.

మేనల్లుడు ఏమీ మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెరిచి, రెండేళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్లు దింపి, నా పక్కన కూర్చున్నాడు. నేను పెన్ను పట్టుకున్నాను, వాడు చదివాడు. గోవా గెలుపు 11,00,000. అక్కడే కోసుకున్న పన్ను 3,30,000. చేతికి వచ్చినది 7,70,000. సెస్సు రిటర్నులో చూసుకోవాలి, అది వేరే. రెండేళ్ళలో ఫోన్ ఆటల్లో పోయినది, వచ్చినది తీసేసి, 5,60,000. ఇది చదివేటప్పుడు వాడి గొంతు తగ్గింది. చిన్నచిన్న మొత్తాలు, ఐదు వందలు, రెండు వేలు, అర్ధరాత్రి ఒంటిగంటకు. గోవా ప్రయాణాలు, హోటళ్ళు, ప్రవేశ రుసుములు 1,20,000. మిగిలింది 90,000.

"ప్లస్సే కదా మామా" అన్నాడు.

ప్లస్సే. నేను కాదనలేదు. అన్న లెక్క కంటే నయం. "ఎన్ని గంటలు ఆడి ఉంటావు?" అన్నాను. వాడు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. వారానికి పదిహేను గంటలు, అటూ ఇటూ పదిహేను వందల గంటలు. గంటకు అరవై రూపాయలు. అప్పుడే మా ఇంటి ముందు సున్నం కొట్టేవాడు నిచ్చెన దించుతున్నాడు. వాడికి గంటకు ఎంతిస్తున్నానో మేనల్లుడు అడగలేదు, నేను చెప్పలేదు.

వాడు ఉద్యోగం మానలేదు. ఆట కూడా మానలేదు, అది నేను అడగనూ లేదు. మా చెల్లెలికి ఇంకా నామీద కోపంగానే ఉంది, గట్టిగా తిట్టి మాన్పించలేదని. నెలాఖరున వాడు తన లెక్క ఫోటో తీసి నాకు పంపుతున్నాడు. జమ, ఖర్చు రెండు కాలాలు నేను గీసిచ్చాను. మూడో కాలం వాడే గీసుకున్నాడు, గంటలు అని. పోయిన నెల ఆ కాలంలో పద్దెనిమిది అని ఉంది, ఖర్చులో నాలుగు వేల రెండు వందలు, జమలో ఏమీ లేదు. అయినా పంపాడు.